వినుట అనే వైద్యం

కౌన్సెలింగ్ అనే ఇంగ్లీషు మాట తెలియని ఇల్లు నేడు తెలుగునాట లేదు. అయితే ఆ మాట మన వాడుకలోకి వచ్చిన దారి కొంత చిత్రమైనది. ప్రవేశపరీక్షలో వచ్చిన ర్యాంకును చేతబట్టుకొని ఇంజనీరింగు సీటు ఎంచుకొనడం కౌన్సెలింగ్. పోట్లాడుకొన్న ఆలుమగలను పోలీసు స్టేషనుకు పిలిపించి, నాలుగు మంచిమాటలు చెప్పి పంపించడం కౌన్సెలింగ్. మద్యం సేవించి బండి నడుపుతూ పట్టుబడిన వారిని ఇంటివారితో సహా రప్పించి మందలించడం కూడా కౌన్సెలింగే. వీటిలో పెద్దమనిషి చెబుతాడు, ఎదుటివాడు తలవంచుకొని వింటాడు. అందుకే కాబోలు, మన భాషలో ఈ మాట పక్కన 'ఇచ్చు' అనే క్రియ వచ్చి చేరింది. మందు ఇచ్చినట్లు, శిక్ష ఇచ్చినట్లు, కౌన్సెలింగ్ కూడా ఇస్తున్నారు.

మానసిక చికిత్సాశాస్త్రంలో ఈ మాటకు గల అర్థం దాదాపు దీనికి తలక్రిందులు. అక్కడ బాధపడేవాడు చెబుతాడు, చికిత్సకుడు వింటాడు. ఈ తారుమారు ఒక్కనాటితో జరిగినది కాదు. వైద్యుడనేవాడు చెప్పే అలవాటు మాని వినే అలవాటు నేర్చుకొనడానికి చాలా కాలం పట్టింది. నేర్చుకొన్న తరువాత కూడా పలుమార్లు మరచిపోయాడు. ఫ్రాయిడ్, అడ్లర్, రోజర్స్, బెక్ మొదలైన వారి సిద్ధాంతాలను బి.ఇడి. విద్యార్థులు పరీక్షకోసం పట్టికగా కంఠస్థం చేస్తూ ఉంటారు. ఆ పట్టికలో ఈ కథ కనిపించదు. వృత్తిరీత్యా రోజంతా చెబుతూ ఉండవలసిన ఉపాధ్యాయునికి అక్కరకు వచ్చేది మాత్రం ఈ కథే.

కథ వియన్నా నగరంలో 1880లో మొదలవుతుంది. జోసెఫ్ బ్రాయర్ అనే పేరుపొందిన వైద్యుని వద్దకు ఇరువదియొక్క ఏండ్ల యువతి ఒకామె చికిత్సకు వచ్చింది. జబ్బుపడిన తండ్రికి రాత్రింబవళ్ళు ఉపచారం చేస్తూ చేస్తూ ఆమె తానే మంచం పట్టింది. కుడిచేయి చచ్చుబడింది. చూపు చెదిరింది. కొంతకాలం మాతృభాష అయిన జర్మను నోట రాక, ఇంగ్లీషులో మాత్రమే మాట్లాడగలిగేది. శరీరంలో దేనికీ కారణం కనిపించలేదు. బ్రాయర్ ఆమెను సమ్మోహన నిద్రలో ఉంచి, ఆమె నోట వచ్చినదంతా చెప్పనిచ్చాడు. మండువేసవిలో ఒకసారి ఆమె గ్లాసు పెదవుల దాకా తెచ్చుకొని కూడా నీళ్ళు త్రాగలేకపోయింది. ఆరు వారాలపాటు పండ్లతోనే దప్పిక తీర్చుకొన్నది. ఒకనాడు సమ్మోహన నిద్రలో, తనకు తోడుగా ఉండే ఒక స్త్రీ పెంపుడుకుక్క గ్లాసులోని నీళ్ళు త్రాగుతుండగా చూచి అసహ్యం కలిగిన సంగతి, మర్యాదకు జంకి ఆనాడు పెదవి విప్పకపోయిన సంగతి చెప్పింది. అణచిపెట్టుకొన్న కోపమంతా వెళ్ళగ్రక్కిన తరువాత నీళ్ళు అడిగి త్రాగింది. ఈ పద్ధతికి ఆమే 'మాటల చికిత్స' అని పేరు పెట్టింది. సరసానికి 'పొగగొట్టం తుడుపు' అని కూడా అన్నది. ఈ శాస్త్రానికి తొలిపేరు పెట్టినది వైద్యుడు కాదు, రోగి అన్నమాట గుర్తుంచుకోదగినది.

బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో ప్రకటించిన గ్రంథంలో ఆమె 'అన్నా ఓ' అనే మారుపేరుతో కనిపిస్తుంది. ఆమె అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్ అని 1953లో లోకానికి తెలిసింది. ఆ గ్రంథం చదివినవారికి ఆమె పూర్తిగా కోలుకొన్నదనే అనిపిస్తుంది. నిజానికి 1882లో బ్రాయర్ చికిత్స ముగిసిన తరువాత ఆమె ఆరోగ్యాలయాలలో చేరి చాలాకాలం బాధపడింది. ఆ తరువాత ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో అనాథబాలికల సేవలో నిలద్రొక్కుకొని, 1904లో యూదు మహిళల సంఘాన్ని స్థాపించి, 1936లో చనిపోయేదాకా స్త్రీల కోసం పనిచేసింది. మాటల చికిత్స ఆమెను నయం చేసిందని గట్టిగా చెప్పలేము. ఆమె మాత్రం మాటల చికిత్సను లోకానికి ఇచ్చింది.

సిగ్మండ్ ఫ్రాయిడ్ ఈ విద్యను రోగుల వద్దనే నేర్చుకొన్నాడు. అతని తొలినాటి రోగులలో ఒక స్త్రీ, ఇది ఎక్కడినుంచి వచ్చింది, అది ఎక్కడినుంచి వచ్చింది అని అతడు ప్రశ్నిస్తూ ఉండగా విసుగుచెంది, ప్రశ్నలు మాని తాను చెప్పదలచినది చెప్పనివ్వమన్నది. మరొక వైద్యుడైతే నొచ్చుకొనేవాడే. ఫ్రాయిడ్ ఆ మాట పట్టుకొన్నాడు. క్రమంగా సమ్మోహనాన్ని విడిచి, రోగిని పడకకుర్చీపై వాలి మనస్సులో మెదలిన ప్రతి మాటా, సిగ్గుపడవలసినదైనా, పనికిమాలినదైనా దాచక చెప్పమన్నాడు. ఇదే స్వేచ్ఛా సంసర్గ పద్ధతి. తాను రోగి కంటికి కనిపించకుండా తలవైపున కూర్చునేవాడు.

ఇట్లా విన్నప్పుడు అతనికి తోచిన సంగతులే తరువాత సిద్ధాంతమైనాయి. మనిషి తన మనస్సుకు తానే యజమాని కాడు. అందులో అధికభాగం అచేతనం. భరించరాని కోరికలను, జ్ఞాపకాలను మనస్సు క్రిందికి తొక్కిపెడుతుంది. ఇది దమనం. తొక్కిపెట్టినది ఊరుకోదు, కలలలో, మాట తప్పులలో, రోగలక్షణాలలో మారువేషంతో పైకి వస్తుంది. దానిని పట్టుకోబోయినప్పుడు రోగి హఠాత్తుగా మాట మరచిపోతాడు, ఆలస్యంగా వస్తాడు, వైద్యునితో తగవు పెట్టుకొంటాడు. ఇది ప్రతిరోధం. అన్నింటికంటె విచిత్రమైనది మరొకటి ఉన్నది. తల్లిమీద, తండ్రిమీద ఒకనాడు కలిగిన ప్రేమనూ పగనూ రోగి తనకు తెలియకుండానే ఎదుట ఉన్న వైద్యునిపైకి మళ్ళిస్తాడు. దీనిని భావసంక్రమణం అంటారు. ఏ తప్పూ చేయని ఉపాధ్యాయునిపై ఒక విద్యార్థి కారణం లేకుండా మండిపడినప్పుడు, ఆ కోపం ఎవరి చిరునామాకు వ్రాసిన ఉత్తరమో ఆలోచించవలసి ఉంటుంది.

అయితే వినడం నేర్పిన ఫ్రాయిడే ఒకసారి వినలేకపోయాడు. 1900 సంవత్సరం చివర 'డోరా' అనే మారుపేరుగల పదునెనిమిదేండ్ల యువతిని తండ్రి అతని వద్దకు తీసుకొని వచ్చాడు. తండ్రి స్నేహితుడొకడు తనతో అసభ్యంగా ప్రవర్తించాడని ఆమె చెబితే, ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఫ్రాయిడ్ నమ్మాడు గాని, ఆ స్నేహితునిపై ఆమెకు లోలోపల అనురాగం ఉన్నదని ఆమెతో ఒప్పించబూనాడు. కలలకు అర్థాలు చెప్పాడు. కాదంటే, ఆ కాదనడమే అవుననడానికి గుర్తు అన్నాడు. పదకొండు వారాలు గడిచాక, డిసెంబరు 31వ తేదీన ఆమె ఇక రానని చెప్పి వెళ్ళిపోయింది. 1905లో ఈ వృత్తాంతాన్ని ప్రకటిస్తూ, భావసంక్రమణాన్ని తాను సకాలంలో గుర్తించలేదని ఫ్రాయిడ్ వ్రాశాడు. నేటి పాఠకులకు అంతకంటె పెద్ద దోషం కనిపిస్తుంది. ఆ పిల్ల మాట వినవలసినచోట ఆయన తన సిద్ధాంతాన్ని విన్నాడు.

ఫ్రాయిడ్ భావాలు మన దేశానికి త్వరగానే వచ్చాయి. గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. ఫ్రాయిడ్ డెబ్బదియైదవ జన్మదినానికి ఈ సంఘం పంపిన దంతపు విష్ణుమూర్తి విగ్రహాన్ని ఆయన తన బల్లమీద ఉంచుకొన్నాడు. తెలుగులో ఈ గాలి వైద్యశాలలకంటె ముందు నవలలలో వీచింది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'ను తొలి మనోవైజ్ఞానిక నవలగా విమర్శకులు పేర్కొంటారు. అందులోని సీతారామారావును తెలిసినవారికి ఆత్మన్యూనత అనే మాటను ప్రత్యేకంగా వివరించవలసిన పని లేదు.

ఆ మాటను లోకంలో ప్రచారం చేసిన ఆల్ఫ్రెడ్ అడ్లర్ ఉపాధ్యాయలోకానికి అందరికంటె దగ్గరివాడు. చిన్ననాట ఎముకల జబ్బుతో సరిగా నడవలేకపోయేవాడు. బడిలో లెక్కలు రాక వెనుకబడితే, వీడిని చదువు మాన్పించి చెప్పులు కుట్టే పనిలో పెట్టమని ఉపాధ్యాయుడు తండ్రికి సలహా చెప్పాడట. తండ్రి ఆ మాట చెవిని పెట్టలేదు. తరువాత ఒకనాడు తరగతిలో ఎవరికీ కొరుకుడుపడని లెక్కను తాను చేసి చూపినట్లు అడ్లర్ చెప్పుకొనేవాడు. లెక్కలు రావనేది పుట్టుకతో వచ్చిన లోపం కాదని, ఎవరో వేసిన ముద్ర అని అతనికి ఆనాడే తెలిసింది.

1911లో అతడు ఫ్రాయిడ్‌తో తెగతెంపులు చేసుకొన్నాడు. మనిషిని వెనుకనుంచి తోసే కోరికలకంటె, ముందునుంచి లాగే లక్ష్యాలు ముఖ్యమన్నాడు. ప్రతి బిడ్డా తాను చిన్న, తాను బలహీనం అనే భావంతోనే జీవితం మొదలుపెడుతుంది. ఆ లోటు పూడ్చుకొనడానికి నాలుగైదేండ్ల ప్రాయంలోనే తనకు తోచిన ఒక జీవనశైలిని కల్పించుకొంటుంది. ఒకడు చదివి పైకి రాజూస్తాడు. ఒకడు అల్లరిచేసి కంటబడతాడు. ఒకడు జబ్బుపడి జాలి సంపాదిస్తాడు. కావున అల్లరిపిల్లవాణ్ణి చూచినప్పుడు, ఎందుకు చేశాడని కాక, చేసి ఏమి పొందదలచాడని అడగమంటాడు అడ్లర్. తోటివారితో కలిసి బ్రతికే సంఘభావం పెరగడమే ఆరోగ్యానికి కొలత.

మొదటి ప్రపంచయుద్ధానంతరం వియన్నాలో పాఠశాలా సంస్కరణలు సాగుతున్న రోజులలో, అడ్లర్ అనుచరులు బడులలోనే శిశు సలహాకేంద్రాలు నడిపారు. పిల్లవాడు, తల్లిదండ్రులు, తరగతి ఉపాధ్యాయుడు అందరూ అక్కడికి వచ్చేవారు. ఇతర ఉపాధ్యాయులు కూర్చుండి చూచేవారు. మనోవైద్యం మూసిన తలుపుల వెనుక మాత్రమే జరిగే రోజులలో ఇది సాహసమే. 1934లో అక్కడి ప్రభుత్వం మారిన తరువాత ఆ కేంద్రాలు మూతపడ్డాయి. ఇన్ని సిద్ధాంతాలలో బడిగడప దాటి లోపలికి వచ్చి ఉపాధ్యాయుని పక్కన కూర్చున్నది ఇదొక్కటే అనిపిస్తుంది.

ఇంతలో అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవల మరొక వర్గంవారు ఈ మాటల వ్యవహారమంతా దండగ అన్నారు. మనస్సును ఎవరు చూశారు? కనిపించేది నడవడి. నడవడి నేర్చుకొన్నదే గనుక, మరల నేర్పి మార్చవచ్చు. రష్యాలో పావ్‌లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాలు వీరికి పునాది. 1920లో జాన్ వాట్సన్, రోసలీ రేనర్ కలిసి పదకొండు నెలల పసివానికి తెల్లఎలుకను చూపిస్తూ, వాడి వెనుక ఉక్కుకడ్డీని సుత్తితో దభాలున మోగించారు. కొన్నిసార్లు ఇట్లా చేసేసరికి, శబ్దం లేకపోయినా ఎలుకను చూస్తేనే వాడు ఏడువసాగాడు. ఆ భయం పోగొట్టకుండానే బిడ్డ ఆసుపత్రి విడిచి వెళ్ళిపోయాడు. శాస్త్రం పేరిట జరిగిన చెడ్డపనులలో ఇది ఒకటి.

ఆ అపకీర్తిని కొంత కడిగినది మేరీ కవర్ జోన్స్. 1924లో ఆమె ప్రకటించిన వృత్తాంతంలో పీటర్ అనే దాదాపు మూడేండ్ల బాలుడు కుందేలును చూస్తే హడలిపోతాడు. వాడు తనకు ఇష్టమైన తినుబండారం తింటూ ఉండగా, కుందేలును గదికి ఆ చివర ఉంచి, రోజురోజుకూ కొద్దికొద్దిగా దగ్గరకు జరిపారు. భయపడని పిల్లలను వాడి పక్కన ఆడుకొననిచ్చారు. చివరకు వాడు కుందేలును ఒళ్ళో పెట్టుకొని నిమిరాడు. దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లో వెలువరించిన గ్రంథంలో ఇటువంటి పద్ధతికే శాస్త్రీయమైన రూపం కల్పించాడు. పరీక్ష అంటే వణికే విద్యార్థి ఒకడు ఉన్నాడనుకొందాము. ముందు అతనికి కండరాలు సడలించి విశ్రాంతిగా ఉండడం నేర్పుతారు. పరీక్షకు నెల ముందు పుస్తకం తెరవడం, హాల్ టిక్కెట్టు చేతికి రావడం, ఆనాటి ఉదయం బస్సెక్కడం, ప్రశ్నపత్రం అందుకొనడం, ఇట్లా తక్కువ భయంనుంచి ఎక్కువ భయానికి మెట్లు వ్రాయిస్తారు. ఒక మెట్టును ప్రశాంతంగా ఊహించగలిగిన తరువాతనే పై మెట్టు. ఇందులో గూఢమైనది ఏమీ లేదు. భయాల విషయంలో ఈ పద్ధతి, దీని సంతతి నేటికీ చక్కగా పనిచేస్తున్నాయి. భయపడే పిల్లవానికి ధైర్యం చెప్పడంకంటె ధైర్యానికి మెట్లు కట్టడం మేలని పీటర్ కుందేలు చెబుతున్నది.

నడవడికీ బాధకూ నడుమ మరొకటి ఉన్నదని గుర్తించినవారు ఆల్బర్ట్ ఎల్లిస్, ఆరన్ బెక్ అనే ఇద్దరు అమెరికన్లు. ఇద్దరూ మొదట మనోవిశ్లేషణ మార్గంలో నడిచి, విసిగి బయటపడినవారే. 1950ల మధ్యలో ఎల్లిస్ చెప్పిన సూత్రం సులభమైనది. సంఘటన ఒకటి, దాని ఫలంగా కలిగే దుఃఖం ఒకటి. నడుమ మనిషి విశ్వాసం ఉన్నది. పరీక్ష తప్పడం సంఘటన. అందరూ తప్పక నన్ను మెచ్చుకొని తీరవలె, నేను ఎన్నడూ ఓడరాదు అనేది విశ్వాసం. దుఃఖం పుట్టేది ఆ 'తీరవలె' నుంచేగాని, తప్పిన మార్కులనుంచి కాదు. ఇది తన సొత్తు కాదని, ప్రాచీన గ్రీకు తాత్త్వికుడు ఎపిక్టెటస్ ఏనాడో చెప్పినదేనని ఎల్లిస్ ఒప్పుకొన్నాడు. అయితే ఆయన రోగితో వాదించే తీరు న్యాయవాదిని తలపించేది. వినడంకంటె గెలవడం మీద మక్కువ ఎక్కువ.

బెక్ తీరు వేరు. ఫిలడెల్ఫియాలో పనిచేస్తూ, విషాదరోగం లోపలికి తిరిగిన కోపమన్న ఫ్రాయిడ్ మతాన్ని నిరూపించాలని అతడు రోగుల కలలను పరిశీలించాడు. అక్కడ కోపం కనిపించలేదు. ఓటమి, పోగొట్టుకొనడం కనిపించాయి. తరువాత, రోగులు పైకి ఒక మాట చెబుతూ ఉండగానే, లోపల మరొక ఆలోచనాధార పారుతున్నదని గమనించాడు. వైద్యునికి విసుగు పుట్టిస్తున్నాను, నాకు ఏదీ చేతకాదు, ఇక బాగుపడేది లేదు అంటూ, పిలవకుండానే వచ్చే ఆలోచనలు అవి. తాను పనికిమాలినవాడు, లోకం క్రూరమైనది, రేపు చీకటి అనే మూడూ కలిసినదే విషాదరోగపు చూపు అని బెక్ తేల్చాడు.

తెలుగువారికి ఈ సంగతి తెలియజెప్పడానికి ఇంగ్లీషు పేర్లు అక్కరలేదు. కర్ణుని రథం తోలుతూ అడుగడుగునా అతని మనస్సు విరిచిన శల్యుడు ఉన్నాడు గదా. అటువంటి శల్యుడు బాధపడేవాని బుర్రలోనే మకాం పెట్టి సారథ్యం చేస్తూ ఉంటాడు. బెక్ చేసినది ఆ శల్యుణ్ణి తిట్టడం కాదు, సాక్ష్యం అడగడం. ఏ ఆలోచన వచ్చిందో కాగితం మీద వ్రాయించి, దానికి అనుకూలమైన ఆధారమేది, వ్యతిరేకమైనదేది అని రోగితోనే వెదికించేవాడు. లెక్కలలో తప్పాను, కావున జీవితంలో తప్పాను అనే వాక్యంలోని 'కావున' ఎక్కడినుంచి వచ్చిందో పిల్లవాడే చూచుకోవలె. 2021లో నూరేండ్లు నిండి బెక్ కన్నుమూసేనాటికి, ఆయన జ్ఞానాత్మక చికిత్స లోకంలో అత్యధికంగా పరీక్షలకు నిలిచిన పద్ధతులలో ఒకటైనది.

ఇక కార్ల్ రోజర్స్ సంగతి కొంత నిదానించి చెప్పుకోవలె. ఆయన మొదట మతబోధకుడు కావాలని చదువుకొని, ఆ దారి విడిచి, న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టరు నగరంలో కష్టాలలో ఉన్న పిల్లల నడుమ పన్నెండేండ్లు పనిచేశాడు. అక్కడ ఒక తల్లి తన తుంటరి కొడుకు విషయమై వచ్చేది. బిడ్డను ఆమె చిన్ననాడే మనసారా స్వీకరించలేదని, చిక్కు అక్కడ ఉన్నదని రోజర్స్ గ్రహించాడు. ఎంత మెత్తగా, ఎన్ని విధాల చెప్పినా ఆ మాట ఆమె తలకెక్కలేదు. చివరకు ఇద్దరూ ప్రయత్నించాము, ఫలించలేదు, ఇక చాలిద్దాము అనుకొన్నారు. ఆమె లేచి తలుపుదాకా వెళ్ళి, వెనుకకు తిరిగి, ఇక్కడ పెద్దవాళ్ళకు కూడా సలహా చెబుతారా అని అడిగింది. చెబుతామనగానే మరల వచ్చి కూర్చుండి, తన సంసారంలోని వేదన, భర్తతో పొసగకపోవడం, తన ఓటమి అంతా కుమ్మరించింది. అంతకు ముందు ఆమె చెప్పిన చరిత్రకూ దీనికీ పోలికే లేదు. అసలైన చికిత్స అప్పుడే మొదలైనది. కొడుకు కూడా చక్కబడ్డాడు. ఎక్కడ నొప్పి ఉన్నదో, ఏ దారిన పోవలెనో తెలిసినది వచ్చినవారికేనని, తన తెలివిని ప్రదర్శించే అవసరం లేనంతవరకూ వారినే నమ్ముకొనడం మంచిదని రోజర్స్ ఈ సంఘటన వలన గ్రహించాడు.

1942లో ఆయన వెలువరించిన గ్రంథంలో 'రోగి' అనే మాట స్థానంలో, న్యాయవాది వద్దకు వచ్చే కక్షిదారుకు వాడే మాట వాడాడు. ఎనిమిది సంభాషణలను యంత్రంపై పట్టి, పొల్లుపోకుండా అచ్చువేశాడు. గదిలో ఏమి జరుగుతున్నదో లోకం వినడం అదే మొదలు. 1957లో, మనిషి మారడానికి చికిత్సకునిలో ఉండవలసిన మూడు గుణాలను చెప్పాడు. మొదటిది సహానుభూతి, ఎదుటివాని లోకాన్ని అతని కంటితో చూడగలగడం. రెండవది షరతులు లేని ఆదరం; మార్కులు వస్తేనే ముద్దు అనని ఆదరం. మూడవది లోపలా వెలుపలా ఒకటిగా ఉండడం. విసుగును చిరునవ్వుతో కప్పిపుచ్చకపోవడం. తక్కిన నైపుణ్యాలన్నీ వీటి తరువాతనే.

దీనిని చూచి నవ్వినవారూ లేకపోలేదు. ఎదుటివాడు అన్న మాటనే తిప్పి అనడం తప్ప ఇందులో ఏమున్నదన్నారు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, మనిషి టైపు చేసిన వాక్యాన్నే ప్రశ్నగా మార్చి తిరిగి అడిగే ఒక కంప్యూటరు కార్యక్రమాన్ని తయారుచేశాడు. అందులో అర్థం చేసుకొనే శక్తి రవ్వంత కూడా లేదని తెలిసిన ఆయన కార్యదర్శినియే, దానితో మాట్లాడుతూ, కాసేపు గది విడిచి వెళ్ళమని ఆయనను కోరిందట. ఆయన నివ్వెరపోయాడు. వినేవారికోసం మనుష్యులు ఎంత మొహం వాచి ఉన్నారో ఆ యంత్రం బయటపెట్టింది. భగవద్గీతను తొలి కౌన్సెలింగ్ అనేవారు మన దేశంలో చాలామంది ఉన్నారు. పదునెనిమిది అధ్యాయాల ఉపదేశాన్ని రోజర్స్ అంగీకరించేవాడో కాదో గాని, మొదటి అధ్యాయం పేరు అర్జున విషాదయోగమన్న సంగతి మాత్రం మరువరాదు. అర్జునుడు తన దుఃఖం చెప్పుకొనేవరకూ కృష్ణుడు అక్కడ బోధకు పూనుకోలేదు.

ఇన్ని మార్గాలలో ఏది మంచిది? 1952లో హాన్స్ ఐసెంక్, చికిత్స లేకపోయినా మూడింట రెండు వంతులమంది మామూలుగానే కోలుకొంటారని లెక్కలు చూపి, అందరినీ కలవరపెట్టాడు. ఆ సవాలుకు జవాబుగా మేరీ స్మిత్, జీన్ గ్లాస్ అనే పరిశోధకులు 1977లో 375 పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్కకట్టారు. చికిత్స పొందిన సగటు మనిషి, పొందని నూటికి 75 మందికంటె మెరుగుగా ఉన్నాడు. మార్గాల మధ్య భేదం మాత్రం అంతంతమాత్రమే. చికిత్సకునికీ వచ్చినవానికీ మధ్య కుదిరే నమ్మకం ఎక్కడైనా ఫలితాన్ని నిర్ణయించే ముఖ్యాంశాలలో ఒకటని తరువాతి పరిశోధనలు చెబుతూ వచ్చాయి. అట్లాగని అన్నీ ఒకటే అనడం సోమరితనం. కుందేలు భయానికి చిన్ననాటి కలలు త్రవ్వనక్కరలేదు. తల్లిని పోగొట్టుకొన్న పిల్లకు ఆలోచనల పట్టిక ఇచ్చి సాక్ష్యం వెదకమనడం క్రౌర్యం.

ఈ వివేకం అవసరమయ్యే కాలం బడులలో ఏటా ఒకటి వస్తుంది. పరీక్షా ఫలితాలు వెలువడే కాలమది. అడ్లర్ శిష్యవర్గంలో ఉండి, 1927లో వెలివేయబడిన విక్టర్ ఫ్రాంకల్ అనే యువకుడు ఆ మరుసటి యేటినుంచి వియన్నాలో యువజన సలహాకేంద్రాలు నెలకొల్పాడు. మార్కుల పత్రాలు ఇచ్చే రోజులలో అక్కడ విద్యార్థులు ప్రాణాలు తీసుకొంటూ ఉండేవారు. 1930 ప్రాంతంలో సరిగా ఆ రోజులకే ప్రత్యేకంగా సలహాదారులను సిద్ధంచేసి, పిల్లలకు రుసుము లేకుండా అందుబాటులో ఉంచాడు. చాలా ఏండ్ల తరువాత మొదటిసారిగా ఆ ఋతువు విద్యార్థి మరణం లేకుండా గడచినట్లు ఆయన వ్రాశాడు. నాజీ నిర్బంధ శిబిరాలనుంచి బయటపడి, జీవితానికి అర్థం వెదకడమే మనిషి ప్రధాన ప్రేరణ అనే తన సిద్ధాంతాన్ని 1946లో గ్రంథంగా లోకం ముందుంచడానికి ఇది చాలా ముందు మాట. ఆనాటికి ఆయన వయస్సు ఇరువదియైదు.

తెలంగాణలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరువాత కొద్ది రోజులలోనే ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నట్లు పత్రికలు వ్రాశాయి. ఫలితాలలోని పొరపాట్లపై విచారణ జరిగింది. మార్కులు తిరిగి లెక్కించారు. అయితే ఫలితం సరియైనదైనా, తప్పినదైనా, ఆ సాయంత్రం ఆ పిల్లల ఎదుట ఎవరు కూర్చున్నారన్నది వేరే ప్రశ్న. చెప్పుకొంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది అనే సామెత మనకు ఉండనే ఉన్నది. పరీక్ష తప్పిన పిల్లవాని విషయంలో అది అక్షరాలా నిజం.

ఉపాధ్యాయుడు మనోవైద్యుడు కాడు, కానక్కరలేదు. వియన్నా కేంద్రాలలో కూడా అతని వంతు గమనించడం, వినడం, తగినవారి వద్దకు చేర్చడం. నిద్ర, తిండి మానినవాడు, స్నేహితులను విడిచి ఒంటరిగా ఉండేవాడు, తన వస్తువులు పంచిపెట్టేవాడు, చావు మాట ఎత్తినవాడు ఉన్నప్పుడు, చనిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదని నిపుణులు చెబుతున్నారు. అవునని వాడు చెబితే, ఎవరితోనూ చెప్పనని ఒట్టు వేయరాదు. వాణ్ణి ఒంటరిగా విడువక, ఇంటివారికీ వైద్యునికీ తెలియజేయవలె. ఈ దేశంలో 2022 అక్టోబరు 10వ తేదీన ప్రభుత్వం టెలి మానస్ అనే ఉచిత దూరవాణి సేవను ప్రారంభించింది. దాని సంఖ్య 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పదవ తరగతి గోడమీద కాలనిర్ణయ పట్టిక పక్కన ఈ అయిదంకెలు వ్రాయడానికి ఒక సుద్దముక్క చాలు.